తమ్ముడి పెదవి, నాయనమ్మ ఒట్టు

నా చిన్నప్పుడు నేను అమ్మ దగ్గర కంటే నాయనమ్మ దగ్గరే ఎక్కువ పెరిగాను. మాది పెడన. నాన్న కలంకారీ అద్దకం పని చేసేవాడు. పొద్దున్నే బల్ల మీద గుడ్డ పరిచి, రంగు అంటించిన చెక్క అచ్చుని దాని మీద ఆనించి, పైన అరచేత్తో ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ చప్పుడుతోనే మా ఇంట్లో తెల్లవారేది. అద్దిన గుడ్డలు ఉతకడం, ఆరెయ్యడం, మళ్లీ వంట చూసుకోవడం, అన్నీ అమ్మే. ఆవిడకి కూర్చునే తీరిక ఉండేది కాదు. నాకు తల దువ్వేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకునేది నాయనమ్మే. బడిలో ఎవరు ఏమన్నా వచ్చి ఆవిడకే చెప్పేదాన్ని. నా లోకంలో నాయనమ్మ మాటకి ఎదురులేదు. ఆవిడ అవుతుందంటే అవుతుంది, కాదంటే కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. ఏడో నెల నడుస్తుండగా ఒక రోజు మధ్యాహ్నం సూర్యగ్రహణం వచ్చింది. నాయనమ్మ ముందురోజు నుంచే జాగ్రత్తలు మొదలుపెట్టింది. గ్రహణం పట్టకముందే అమ్మని చీకటి గదిలో చాప మీద పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది. కదలకూడదు, గోక్కోకూడదు, ఆకు కూడా తుంచకూడదు, కత్తీ కత్తెరా ముట్టుకోకూడదు అని పదిసార్లు చెప్పింది. తోడుకి నన్ను లోపల ఉంచి తలుపు దగ్గరగా వేసింది.

చీకట్లో ఎంతసేపని కూర్చుంటాను? ఏదో దారం దొరికితే వేలికి చుట్టుకుంటూ ఆడుకున్నాను. ముడి పడిపోయింది. లాగినకొద్దీ బిగిసింది. వేలు వాచి, నొప్పి పుట్టి ఏడుపందుకున్నాను. అమ్మ లేచి పళ్లతో కొరికి చూసింది, తెగలేదు. కాసేపు తలుపు వైపు చూసి, తర్వాత గూట్లో ఉన్న కత్తెర తీసి దారాన్ని టక్కున కత్తిరించింది. నా వేలు నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. "నాయనమ్మకి చెప్పకే, ఊరికే గొడవవుతుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మకీ నాకూ మధ్య ఒక రహస్యం ఉండడం అదే మొదటిసారి. నాకు భలే గర్వంగా అనిపించింది.

రెండు నెలలకి తమ్ముడు పుట్టాడు. పురుడు ఇంట్లోనే పోశారు. గది బయట నిలబడ్డ నాకు ముందు ఏడుపు వినపడింది, ఆ వెంటనే లోపల ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. మంత్రసాని బయటికి వచ్చి నాన్న ముఖం చూడకుండా చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. నన్ను లోపలికి రానిచ్చేసరికి సాయంత్రమైంది. వాడి పై పెదవి మధ్యలో కాస్త ఎడమకి చీలి, ఆ చీలిక ముక్కు దాకా పోయి ఉంది. ఏడ్చినప్పుడు చూస్తే నోట్లో అంగిలి కూడా విచ్చుకుని ఉంది. అందరూ ఒకే మాట అన్నారు. గ్రహణం మొర్రి.

వాడు పాలు తాగలేకపోయాడు. అమ్మ రొమ్ము అందిస్తే ఆత్రంగా పట్టుకునేవాడు. కానీ చీలిన నోటితో పీల్చుకునే పట్టు రాదు కదా, జారిపోయేది. నోట్లో పడ్డ కాసిని చుక్కలూ ముక్కులోంచి బయటికి వచ్చేవి. ఉక్కిరిబిక్కిరై దగ్గేవాడు. అమ్మ భయపడి ఎత్తుకునేది, మళ్లీ పట్టేది, మళ్లీ అదే వరస. రెండో రోజుకి వాడి ఏడుపు సన్నబడింది. మూడో రోజు పిల్లిపిల్ల అరుపులా ఉంది.

ఆ మూడో రోజే నాయనమ్మ నన్ను దొడ్లోకి పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. చేతిలో బెల్లంముక్క పెట్టింది. జుట్టు నిమురుతూ చాలా మెల్లిగా అడిగింది.

"నా తల్లే, గ్రహణం రోజు గదిలో నువ్వే కదా ఉన్నావు. అమ్మ ఏదన్నా కోసిందా, తుంచిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"చెబితే తమ్ముడికే మంచిది బంగారం. ఏం చేసిందో తెలిస్తే దానికి తగ్గ విరుగుడు చేయిస్తాను. పెదవి అతుక్కుంటుంది, పాలు తాగుతాడు. ఎవ్వరికీ చెప్పను. ఇదిగో, నా మీద ఒట్టు" అని నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

తమ్ముడు పాలు తాగుతాడన్న మాట దగ్గర నేను ఆగలేకపోయాను. దారం సంగతి, వేలి సంగతి, కత్తెర సంగతి అంతా చెప్పేశాను. చెప్పాక మనసు తేలికపడింది కూడా. ఒళ్లోంచి దిగి బెల్లం చప్పరిస్తూ పోయాను.

ఆ సాయంత్రం మా వసారాలో నాన్న, బాబాయి, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. నాయనమ్మ మధ్యలో నిలబడి, గదిలో ఉన్న అమ్మకి వినపడేంత గొంతుతో అంది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానయ్యా కత్తెర ముట్టుకోవద్దని. గ్రహణం పట్టి ఉండగా లేచి కత్తెరతో కత్తిరించిందంట. కావాలంటే పిల్లనడగండి. కళ్లారా చూసింది."

అందరూ నావైపు తిరిగారు. నాన్న, "నిజమేనా?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. అదే వాళ్లకి జవాబైంది. తెరిచి ఉన్న తలుపులోంచి మంచం మీద అమ్మ కనపడుతోంది. ఆవిడ నన్నే చూస్తోంది. కోప్పడుతుందనుకున్నాను. కోపం లేదు. ఎవరో పెద్ద దెబ్బ కొడితే ఎటునుంచి వచ్చిందో తెలియక చూసినట్టు చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి నాన్న అమ్మతో మాట్లాడడం మానేశాడు. గదిలోకే రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆవిడ ముందే బుగ్గలు నొక్కుకునేవాళ్లు. మర్నాడు పొద్దున్నే నేను తమ్ముడి పెదవి చూశాను. అలాగే ఉంది. "విరుగుడు ఎప్పుడు చేయిస్తావు?" అని నాయనమ్మని అడిగాను. "పోయి ఆడుకో" అంది. ఆ మర్నాడూ అడిగాను. విసుక్కుంది. విరుగుడంటూ ఏదీ లేదని, ఉన్నా ఆవిడ అడిగింది దానికోసం కాదని అప్పటికి అర్థమైంది. నాకు పెట్టిన బెల్లం నా చేత ఆ మాట చెప్పించడానికే. నాయనమ్మ కూడా అబద్ధమాడుతుందన్న సంగతి మింగుడుపడడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆరో రోజు, పురుడైన ఇళ్లు చూసి వెళ్లే ప్రసూతి కేంద్రం నర్సమ్మ వచ్చింది. ఎండన పడి నడిచొచ్చింది, చెమట తుడుచుకుంటూ తమ్ముడిని చేతుల్లోకి తీసుకుంది. ముఖం చిట్లించలేదు, అయ్యో అనలేదు. టార్చిలైటు వేసి నోట్లోకి చూసింది. పొత్తికడుపు మీద చర్మం వేళ్లతో పట్టి చూసింది. "పాలెన్ని తాగుతున్నాడు?" అని అడిగింది. అమ్మ ఏడ్చేసింది.

నర్సమ్మ ఏడవనిచ్చి, గిన్నె, చెంచా మరగబెట్టి తెమ్మంది. నేనే పరిగెత్తి తెచ్చాను. అమ్మ చేతనే పాలు గిన్నెలోకి పిండించింది. తమ్ముడిని పడుకోబెట్టకుండా, ఒళ్లో దాదాపు కూర్చున్నట్టు నిటారుగా పట్టుకుంది. చెంచాలో కాసిని పాలు తీసుకుని బుగ్గ పక్కగా మెల్లిగా ఒంపింది. వాడు మింగేదాకా ఆగింది. మళ్లీ ఒంపింది. ముక్కులోంచి నాలుగు చుక్కలు వస్తే, "వస్తాయి, భయపడకండి" అని తుడిచింది. మధ్యలో భుజాన వేసుకుని తేన్పించింది. చాలాసేపు పట్టింది. అయ్యేసరికి వాడు అమ్మ చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. పుట్టాక వాడు కడుపునిండి నిద్రపోవడం చూడటం నాకు అదే మొదలు. "నువ్వు నేర్చుకో, మీ అమ్మకి సాయం ఉండాలి" అని నర్సమ్మ నాతో పెద్దదానితో చెప్పినట్టు చెప్పింది.

తర్వాత కాగితం తీసి వివరాలు రాసుకుంటూ, "మీ ఇంట్లో గానీ, పుట్టింటివైపు గానీ ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది. అమ్మ తమవైపు లేదంది. నాయనమ్మ గుమ్మంలోంచి, "మా వంశంలో ఎన్నడూ లేదమ్మా. ఈవిడే గ్రహణంలో కత్తెర పట్టింది" అంది.

"గ్రహణం నాటికి ఎన్నో నెల?"

"ఏడు" అంది అమ్మ.

నర్సమ్మ కలం ఆపింది. వసారాలో ఉన్న నాన్నకి కూడా వినపడాలనేమో, కాస్త గట్టిగా చెప్పింది. "మామ్మగారూ, కడుపులో బిడ్డకి పెదవి కలిసేది రెండో నెలలో. అంగిలి కలిసేది మూడో నెల నిండేలోపు. అప్పుడు కలవక ఆగిపోతే ఇలా అవుతుంది. ఏడో నెల గ్రహణం నాటికి వీడి పెదవి ఎప్పుడో ఇలాగే ఉంది. ఈ అమ్మాయి కత్తెర పట్టినా ఇంతే, పట్టకపోయినా ఇంతే."

నాయనమ్మ, "పుస్తకాల చదువు" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది. వసారాలో నాన్న మళ్లీ అచ్చు అందుకున్నాడు. నేను మాత్రం వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నర్సమ్మ చెప్పిందే నిజమని తేలింది.

వెళ్లేముందు ఆవిడ అమ్మ పక్కన మంచం మీద కూర్చుని దారి చెప్పింది. దీన్ని కుడతారు, గుంటూరు పెద్దాసుపత్రిలో చేస్తారు. అయితే పిల్లాడికి మూడు నెలలు దగ్గరపడాలి, పది పౌన్ల బరువు రావాలి, ఒంట్లో రక్తం ఉండాలి. ముందు పెదవి, ఏడాది దాటాక అంగిలి. అప్పటిదాకా నీ పని ఒక్కటే, పాలు పట్టి పెంచడం. అమ్మ ఆ మాటల్ని మంత్రంలా వల్లె వేసుకుంది. పెదవి, అంగిలి, పది పౌన్లు. ఎవరు ఏమన్నా వినకుండా రోజంతా చెంచాతో పాలు పట్టేది. బడి నుంచి రాగానే నేను అందుకునేదాన్ని. నాన్న ఇంకా గదిలోకి వచ్చేవాడు కాదు గానీ, నర్సమ్మ తూకం వేయడానికి రమ్మన్న రోజున బయట రిక్షా తెచ్చి నిలబెట్టేవాడు.

తమ్ముడికి రెండో నెల నడుస్తుండగా అవనిగడ్డ నుంచి నాయనమ్మ అక్క వచ్చింది. ఆవిడని నేను మామ్మ అనేదాన్ని. పురిటి కబురు ఆలస్యంగా అందిందట. చేతిసంచీ దింపకుండానే, "ఏడీ నా మనవడు?" అంటూ వచ్చి తమ్ముడిని ఎత్తుకుంది. ముఖం చూసింది. తర్వాత కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"ఒసే చెల్లీ! అచ్చం మన చిన్నోడేనే! అదే పక్క, అదే చీలిక. మళ్లీ పుట్టాడే!"

నాయనమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది. "అక్కా, ముందు కాళ్లు కడుక్కో" అంది.

మామ్మకి ఆ గొంతులో హెచ్చరిక వినపడలేదు. ముసలావిడ తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది. వాళ్లకి ఒక తమ్ముడు ఉండేవాడట. ఇలాగే పుట్టాడట. ఎనిమిదేళ్లు బతికి జ్వరమొచ్చి పోయాడట. "అమ్మ పొలం పోతే నువ్వే కదే వాడిని సాకింది! కూర్చోబెట్టి, బుగ్గ పక్కనుంచి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేదానివి. నువ్వు పోస్తేనే తాగేవాడు, నేను పోస్తే ముక్కులోంచి వచ్చేది. వీడికీ నువ్వే పడుతున్నావా?"

చెంచా పట్టుకుని కూర్చున్న అమ్మ తలెత్తింది. వసారాలో అచ్చు చప్పుడు ఆగిపోయింది. నాన్న రంగు చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడుగానీ మామ్మకి ఏదో పొరపాటు జరిగిందని తెలియలేదు. మాట మారుస్తూ, "పెళ్లిళ్లు కావాలని మా నాన్న మా ఇద్దరిచేతా ఒట్టు వేయించాడులే, అత్తారిళ్లలో చెప్పొద్దని. ఇంకా దాస్తున్నావంటే నాకేం తెలుసు?" అంది.

నాకు తొమ్మిదేళ్లే. అయినా నాకు అర్థమైంది. నా చేత అమ్మ మీద మాట చెప్పించింది, దాన్ని వసారాలో నలుగురికీ చాటింది. అంతవరకు నాకు తెలిసిందే. ఇది వేరు. ఇలాంటి పిల్లాడికి పాలు ఎలా పట్టాలో ఆవిడకి తెలుసు. తన చేతులతో ఒకణ్ణి బతికించింది. పట్టి చూపిస్తే, నీకెలా తెలుసని ఎవరైనా అడుగుతారు. అందుకని ఆ చేతులు కట్టుకుని, పిల్లిపిల్లలా అరిచే తమ్ముడిని చూస్తూ కూర్చుంది.

అమ్మ అరవలేదు. తమ్ముడిని మామ్మ దగ్గర నుంచి తీసుకుని, నాయనమ్మ ఎదురుగా నిలబడి అంది. "ఆరు రోజులండీ అత్తయ్యా. ఆరు రోజులు పస్తున్నాడండీ వాడు."

నాయనమ్మ చేటలోకి చూస్తూ ఉండిపోయింది. నాన్న గదిలోకి వచ్చాడు. పురుడు వచ్చాక మొదటిసారి. అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని పట్టుకుని, ఆవిడ పాలు పట్టడం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు.

మూడు నెలలు దాటాక అమ్మా నాన్నా తమ్ముడిని తీసుకుని గుంటూరు వెళ్లారు. నన్ను నాయనమ్మ దగ్గర వదిలారు. ఆవిడ అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నోరు తెరవలేదు. నా కంచం నేనే పెట్టుకుని తిన్నాను. రెండో రోజు ఆవిడ, "నా మీద అంత కోపమేంటే?" అంది.

"ఒట్టు వేశావు కదా, ఎవరికీ చెప్పనని."

నాయనమ్మ కలిపిన ముద్దని తిరిగి గిన్నెలో వేసింది. "నా మీదే వేసుకున్నానులే. తగిలితే నాకే తగుల్తుంది" అంది.

ఇప్పుడు ఆవిడ అప్పటి వయసు నేనూ దాటాక ఆలోచిస్తే, ఆవిడ కూడా భయంతోనే బతికిందని అర్థమవుతుంది. దాచిన సంగతి బయటపడితే నలభై ఏళ్ల కాపురంలో తన మాట చెల్లదేమోనని భయం. ఆ భయాన్ని తీసి, పురిటి మంచం మీద ఉన్న కోడలి మీద వేసింది. అర్థం చేసుకోగలను. అంతకుమించి నావల్ల కాలేదు.

తమ్ముడు కుట్లతో తిరిగొచ్చాడు. కుట్లు పీక్కోకుండా మోచేతులు వంగకుండా అట్టముక్కలు కట్టారు, చెక్కబొమ్మలా చేతులు చాచుకుని ఉండేవాడు. మచ్చ ఉంది, ముక్కు కాస్త ఒకవైపు వాలింది, కానీ పెదవి కలిసింది. ఏడాదిన్నరకి అంగిలి కుట్టారు. మాటలు ముక్కులోంచి వచ్చేవి. డాక్టరుగారు చెప్పినట్టు నేను వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప, బ, క అంటూ రోజూ పలికించేదాన్ని. 'అక్కా' అని సరిగ్గా అనడానికి వాడికి నాలుగేళ్లు నిండాయి. ఇప్పుడు వాడు గిలకలదిండి రేవులో చేపల వేలం పాడతాడు. వాడి గొంతు పడవల దాకా వినపడుతుంది. ఇప్పుడైతే ఇలాంటిది స్కానింగులోనే తెలిసిపోతోంది, పుట్టకముందే డాక్టర్లు దారి చెబుతున్నారు. అయినా గ్రహణం రోజున కడుపుతో ఉన్న అమ్మాయిలని గదిలో పెట్టే ఇళ్లు మా వీధిలో ఇంకా ఉన్నాయి.

అమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు, ఎందుకు చెప్పావే అని. నా పెద్దకూతురు కడుపులో ఉండగా నేనే ఒక రోజు కూర్చుని ఏడుస్తూ చెప్పాను, బెల్లం దగ్గర నుంచి ఒట్టు దాకా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడు పాలు తాగుతాడంటే నేనైనా చెప్పేసేదాన్నే" అంది. అంతే. నన్ను అంత తేలిగ్గా వదిలేసింది. నేను నాయనమ్మని అలా వదల్లేకపోయాను. ఆవిడ మంచాన పడ్డప్పుడు సేవంతా నేనే చేశాను. ఇంకా కోపమేనా అని అడిగితే, లేదు నాయనమ్మా అన్నాను. ఉంది. ఇప్పటికీ ఉంది.

ఆవిడని నేను ప్రేమించినంతగా మరెవరినీ ప్రేమించలేదేమో, అందుకే ఆ కోపం పోలేదు.

నా దగ్గర మిగిలింది మాత్రం ఒక అలవాటు. మనవలు, వీధిలో పిల్లలు, నా చుట్టూ చేరి చెవిలో ఏదో చెప్పబోతారు. వాళ్లు నోరు తెరవకముందే ఆపుతాను. "ఇది మీ అమ్మకి చెప్పాల్సిందైతే నేను చెప్పేస్తానమ్మా. ముందే చెబుతున్నాను. ఆ పైన నీ ఇష్టం" అంటాను. కొందరు ఆలోచించుకుని చెబుతారు. కొందరు చెప్పకుండానే లేచి వెళ్లిపోతారు.

వెళ్లనీ. నన్ను నమ్మి మోసపోవడం కంటే, నమ్మకుండా వెళ్లిపోవడమే నయం.